అణువులను ఘనరూపమున దర్శించుట: తగిన గ్రాఫిక్స్ పరికరముల ఎంపిక

విషయ ప్రవేశము

కొరాపుట్ జిల్లాలోని లమ్తపుట్ ప్రాంతమున తెలుగు బోధించు ఉపాధ్యాయుడు అణుచిత్రములను గూర్చియు, కంప్యూటరులోని గ్రాఫిక్స్ కార్డులను గూర్చియు వ్యాసము వ్రాయబూనుట కొందరు పాఠకులకు వింతగా తోపవచ్చును. ఇందులకు కారణము మా తరగతి గదిలోనే పుట్టినది. మా బడిలోని ఒక బాలిక ఎముకల నొప్పులతో తరచుగా బడి మానుచుండెడిది. ఆమెకు సికిల్ సెల్ వ్యాధి కలదని పరీక్షలో తేలినది. ఇరుగుపొరుగువారిలో కొందరు దేవతాగ్రహమనిరి, కొందరు తల్లి చేసిన తప్పనిరి. నేను చదివి తెలిసికొన్నంతలో, రక్తమునందలి హీమోగ్లోబిన్ అను అణువులో ఒకే ఒక అంశము మారుటయే దీనికి మూలమని ఆమెకు చెప్పితిని. ఆ పిల్ల నా ముఖము చూచి, "ఒక్కటి మారితేనే ఇంత నొప్పి ఎలా వస్తుంది మాస్టారూ?" అని అడిగినది.

నల్లబల్లపై గీసిన బొమ్మ ఆ ప్రశ్నకు సమాధానము కాజాలకపోయినది. అణువును దాని నిడివి, వెడల్పు, లోతులతో కన్నులకు కట్టించినచో తప్ప ఆ సమాధానము తెలియదు. ఆ ప్రయత్నములో మేము పొరపడితిమి, ధనము పోగొట్టుకొంటిమి, పిదప కొంత నేర్చుకొంటిమి. మా వలె స్వల్పమైన నిధులుగల పాఠశాలలకును, కళాశాలలకును ఆ నేర్చినది ఉపకరించునను తలంపుతో ఈ వ్యాసమును సమర్పించుచున్నాను. ఈ ప్రాంతము 1936 ఏప్రిల్ 1వ తేదీవరకు మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో నుండెడిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నందలి విజ్ఞాన కళాశాల మా జయపురాధీశుడైన విక్రమదేవవర్మగారి పేర వెలసినది. కావున ఈ కొండలకును, తెలుగువారి విజ్ఞానశాస్త్రమునకును గల బంధుత్వము నేటిది కాదు.

ఒక అక్షరము, ఒక గుంట

హీమోగ్లోబిన్ అణువు నాలుగు తీగల కూర్పు. అందు ఆల్ఫా తీగలు రెండు, ఒక్కొక్కదానియందు 141 ఎమినో ఆమ్లములు. బీటా తీగలు రెండు, ఒక్కొక్కదానియందు 146. మొత్తము 574. హైడ్రోజనును విడిచి లెక్కించినను పరమాణువులు సుమారు 4,500 కలవు. సికిల్ హీమోగ్లోబినునందు బీటా తీగలోని ఆరవ స్థానమున ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ ఉండును. ఇది అణువునందలి దోషమని లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు 1949లో నిరూపించిరి. ఆ దోషము ఒక్క ఎమినో ఆమ్లమునకు సంబంధించినదని వెర్నన్ ఇంగ్రమ్ 1956, 57 సంవత్సరములలో తేల్చెను. తెలుగు ఉపాధ్యాయుని భాషలో చెప్పవలెనన్న, మొదటి అక్షరము మారగనే "వరము" అను మాట "జ్వరము" అయినట్లు.

అయితే అక్షరము మారుట మాత్రమే కథ కాదు. గ్లుటామిక్ ఆమ్లము విద్యుదావేశము కలిగి నీటితో స్నేహము చేయును. వాలీన్ నీటిని ఒల్లదు. దాగుటకు చోటు వెదకును. హీమోగ్లోబిన్ ప్రాణవాయువును విడిచిపెట్టిన స్థితిలో నున్నప్పుడు, ప్రక్కనున్న మరియొక అణువు యొక్క బీటా తీగలో 85వ స్థానమున ఫినైల్ ఎలనీన్, 88వ స్థానమున ల్యూసీన్ చేరి ఒక చిన్న గుంటను ఏర్పరచును. ఈ వాలీన్ పోయి ఆ గుంటలో ఇముడును. ఇట్లు అణువునకు అణువు తగులుకొని పొడవైన దారములుగా పేనుకొనును. ఆ దారములు ఎర్ర రక్తకణమును లోపలనుండి సాగదీయుటచే కణము కొడవలి రూపము దాల్చి సన్నని రక్తనాళములలో చిక్కుకొనును. నొప్పి అక్కడ పుట్టును.

ఇందు కీలకము గుంట. గుంట యనగా లోతు. బల్లపరుపు చిత్రమునందు వాలీన్ గుంటలో నున్నదో, గుంట పైనున్నదో, గుంటకు వెనుకనున్నదో చెప్పుటకు వీలులేదు. వేలకొలది పరమాణువులు ఒకదానిపై నొకటి పడి కంటికి ముద్దవలె కనిపించును. కావుననే అణువులను పరిశోధించువారు మొదటినుండియు లోతును చూపు సాధనములకై పాటుపడిరి.

రెండు కన్నులు, ఒక దృశ్యము

ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కించి చూడుడు. వామనుని కథలో ఒక కన్ను పోగొట్టుకొన్న శుక్రాచార్యుని కష్టము అప్పుడు తెలియును. మన కనుపాపల మధ్య దూరము సుమారు 6.3 సెంటీమీటర్లు. ఆ కారణమున కుడికన్ను చూచు దృశ్యము, ఎడమకన్ను చూచు దృశ్యము కొంచెము భిన్నముగా నుండును. ఆ భేదమును కూడదీసి మెదడు లోతును కల్పించుకొనును. రెండు కన్నులకు రెండు చిత్రములను వేరువేరుగా చూపినచో బల్లపరుపు కాగితముపై గూడ లోతు పుట్టునని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో లోకమునకు చూపెను.

60 సెంటీమీటర్ల దూరమునుండి చూచు వస్తువునొద్ద రెండు కన్నుల చూపులు కలియు కోణము, లెక్క చేసినచో, సుమారు 6 డిగ్రీలు. కావున ఒక అణుచిత్రమును గీసి, దానిని నిలువు అక్షము చుట్టును ఇంచుమించు 6 డిగ్రీలు త్రిప్పి మరల గీసిన, అవియే జంట చిత్రములగును. పరికరములెన్ని వచ్చినను చేయు పని ఇంతే: రెండు చిత్రములను గీయుట, ఏ కంటిది ఆ కంటికే చేర్చుట. మొదటి పని గ్రాఫిక్స్ కార్డుది. రెండవ పని తెరది, కన్నద్దములది. ఈ భేదమును మరచుటయే తప్పుడు కొనుగోళ్లకు మూలము.

పూర్వ చరిత్ర

ఆదిలో అణువుల నమూనాలను కడ్డీలతోను, గోళములతోను కట్టెడివారు. మదరాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1950 దశకము మధ్యభాగమున కొల్లాజెన్ అను మాంసకృత్తునకు ముప్పేట రూపమును ప్రతిపాదించినది అట్టి కాలముననే. కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ మయోగ్లోబిన్ నమూనాను నిలువు కడ్డీల అడవివంటి చట్రముపై నిర్మించెను. ఆయనయు, హీమోగ్లోబిన్ రూపమును సాధించిన మాక్స్ పెరుట్జ్ గారును 1962లో నోబెల్ బహుమానము పొందిరి.

1965లో ఓక్ రిడ్జ్ పరిశోధనాలయమున కారల్ జాన్సన్ రచించిన ఆర్టెప్ అను ప్రోగ్రాము స్ఫటికములలోని అణువుల జంట చిత్రములను యంత్రముచే కాగితముపై గీయించినది. 1966లో సైరస్ లెవింతాల్ కంప్యూటరు తెరపై అణువును త్రిప్పి చూపు విధమును వివరించెను. త్రిప్పుచు చూచినపుడు దగ్గరివి వేగముగను, దూరపువి మెల్లగను కదలుటచే ఒక కంటికి గూడ లోతు తెలియును. ఇది ఖర్చు లేని ఉపాయము, నేటికిని ఉత్తమోపాయము. అయితే చేతిని ఆపగానే లోతు మాయమగును. ఒక పరమాణువును గుంటలో పెట్టుచు, దూరము కొలుచుచు, తరగతికి చూపుచు నుండువానికి నిలిచియున్న చిత్రమందే లోతు కావలెను.

1990 దశకమున సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రములును, క్రిస్టల్ ఐస్ అను మూతకన్నద్దములును పెద్ద ప్రయోగశాలలలో ఈ అవసరమును తీర్చెను. వాని వెల సామాన్య సంస్థలకు అందనిది. పిదప ఆ శక్తి వ్యక్తిగత కంప్యూటరులోని చిన్న కార్డులోనికి దిగివచ్చినది. ఎంపికలోని చిక్కులును అప్పుడే మొదలైనవి.

లోతును చూపు మార్గములు

మొదటిది జంట చిత్రముల పద్ధతి. తెరపై రెండు చిత్రములు ప్రక్కప్రక్కన నుండును. చూచువాడు కన్నులను కొంచెము మెల్లపెట్టి, కుడికంటితో ఎడమ చిత్రమును, ఎడమకంటితో కుడి చిత్రమును చూచును. నడుమ మూడవ చిత్రము లోతుతో నిలుచును. దీనికి ప్రత్యేకమైన కార్డు గాని, తెర గాని, కన్నద్దము గాని అక్కరలేదు. అభ్యాసము మాత్రము కావలెను. కొందరికి ఎంత యత్నించినను సాధ్యము కాదు.

రెండవది ఎరుపు, నీలాకుపచ్చ రంగుల కన్నద్దముల పద్ధతి. వెల స్వల్పము, ఏ తెరయైనను చాలును. కాని దీనియందొక దోషము కలదు. అణుచిత్రములలో ప్రాణవాయు పరమాణువును ఎరుపుగను, నత్రజనిని నీలముగను చూపుట ఆచారము. ఆ రంగులనే కన్నద్దములు వడగట్టివేయుటచే ఒక కంటికి కనబడిన పరమాణువు మరియొక కంటికి మసకబారును. కావున ఈ పద్ధతిని వాడువారు అణువును బూడిద రంగులో గాని, తెలుపులో గాని చూపవలెను.

మూడవది మూతకన్నద్దముల పద్ధతి. తెర కుడికంటి చిత్రమును, ఎడమకంటి చిత్రమును మార్చి మార్చి చూపును. కన్నద్దములు అదే తాళమునకు ఒక్కొక్క కంటిని మూయును. తెర సెకనుకు 60 మారులు మారునదైనచో ఒక్కొక్క కంటికి 30 మాత్రమే దక్కును. చిత్రము అదరును, తలనొప్పి కలుగును. 120 మారులు మారు తెరయైనచో కంటికి 60 దక్కును. పాతకాలపు గాజుగొట్టపు తెరలలో చాలవరకు ఆ వేగమును అందుకొనెడివి. వాని తరువాత వచ్చిన పలుచని తెరలు చాలకాలము 60 వద్దనే నిలిచినవి.

నాల్గవది ధ్రువీకృత కాంతి తెర. ఇందు ఒక వరుస కుడికంటికి, మరియొక వరుస ఎడమకంటికి చెందును. కన్నద్దములు తేలికైనవి, చవుకైనవి, విద్యుత్తు అక్కరలేనివి. నష్టమేమన, 1080 వరుసల తెరలో ఒక్కొక్క కంటికి 540 మాత్రమే చేరును. ఇట్టి టెలివిజన్లు ఒకప్పుడు అంగళ్లలో విరివిగా దొరకెడివి. 2017 నాటికి ప్రముఖ ఉత్పత్తిదారులు వానిని మానుకొనిరి. నేడు దొరకునవి మిగులు సరుకు, వాడిన సరుకు.

ఐదవది ఘనదృశ్యమును చూపగల డి.ఎల్.పి. ప్రొజెక్టర్. ఇది 120 వేగముతో పనిచేయును. డి.ఎల్.పి. లింక్ అను ఏర్పాటులో కన్నద్దములకు తాళమును ప్రొజెక్టరే వెలుతురు మెరుపుల ద్వారా అందించును. కార్డునుండి కన్నద్దములకు తీగ అక్కరలేదు. ప్రక్కప్రక్కన నొక్కిపెట్టిన జంట చిత్రములను హెచ్.డి.ఎం.ఐ. తీగ ద్వారా పంపినచో అట్టి ప్రొజెక్టర్ వానిని సాగదీసి వేరుచేయును. గది అంతయు ఒక్కమారే చూడగలుగును గనుక బడికి ఇది అనుకూలము.

ఆరవది తలకు తొడుగుకొను పరికరము. ఒక్కొక్క కంటికి వేరు తెర యుండుటచే లోతు మిక్కిలి స్పష్టము. అణువు చుట్టును నడచినట్లుండును. కాని ఒకసారికి ఒక్కరే చూడగలరు. రెండు తెరలకును వేగముగా చిత్రములను గీయవలసి యుండుటచే బలమైన కార్డు కోరును.

కార్డునందు చూడవలసిన గుణములు

పై ఆరింటిలో మూడవదానికి మాత్రమే కార్డులో ప్రత్యేక గుణము తప్పనిసరి యగుచుండును. దానిని నాలుగు చిత్రకోశముల పద్ధతి యందురు. సామాన్య కార్డు ఒక చిత్రమును చూపుచు, వెనుక మరియొకదానిని సిద్ధము చేయును; కోశములు రెండు. ఘనదృశ్యమునకు ఇవి కంటికి రెండు చొప్పున నాలుగు కావలెను. అణుదర్శన ప్రోగ్రాములు వాడు ఓపెన్ జి.ఎల్. అను వ్యవస్థలో ఈ సౌకర్యమును ఉత్పత్తిదారులు చాలకాలము వృత్తిపరమైన కార్డులకే ప్రత్యేకించిరి. ఎన్విడియా సంస్థ క్వాడ్రో కార్డులు, ఎ.ఎం.డి. సంస్థ ఫైర్‌ప్రో కార్డులు అట్టివి. ఆటలకై అమ్మెడి కార్డు అంతకంటె బలమైనదైనను, ఆ ద్వారమును దానియందు సాధారణముగా మూసియుంచెడివారు. ఎన్విడియావారి త్రీడీ విజన్ కన్నద్దములు ఆటల కార్డులతో పనిచేసినది ప్రధానముగా ఆటలకొరకే. వానికి తోడ్పడు డ్రైవర్ల వరుస గూడ 2019 ఏప్రిల్‌లో వెలువడిన 418తో ముగిసినది. ఇప్పుడు పాత కన్నద్దములను చవుకగా కొనువారు ఈ సంగతి తెలిసి కొనవలెను.

రెండవ గుణము తాళపు రంధ్రము. కొన్ని వృత్తి కార్డులకు మూడు సూదుల గుండ్రని రంధ్రముండును. కన్నద్దములకు సంకేతమును పంపు పెట్టె దానికి తగులుకొనును. అన్ని వృత్తి కార్డులకును ఇది లేదు. కొన్నింటికి విడిగా కొని బిగించుకొనవలెను.

మూడవది జ్ఞాపకశక్తి. దీనిని గూర్చిన భయము అంగడివారు పుట్టించునదే ఎక్కువ. లెక్క వేసి చూతము. 1920 నిలువు గళ్లు, 1080 అడ్డు వరుసలు గల తెరయందు 20,73,600 చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక చిత్రమునకు 82,94,400 బైట్లు. నాలుగు కోశములకు 3,31,77,600 బైట్లు. రెండు గిగాబైట్లు, అనగా రెండువందల కోట్ల పైచిలుకు బైట్లు గల కార్డునకు ఇది లెక్కలోనిది కాదు. హీమోగ్లోబిన్ వంటి అణువునకు కంప్యూటరులోనే ఇమిడియున్న సాధారణ గ్రాఫిక్స్ చాలును. లక్షకు పైగా పరమాణువులుగల రైబోజోమును గోళములుగా చూపుచు త్రిప్పువారికి మాత్రమే ప్రత్యేకమైన కార్డు సుఖమిచ్చును.

నాల్గవది విద్యుత్తు. 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభించిన మచ్ఛకుండ కేంద్రము మా బ్లాకులోనే కలదు. అయినను వానాకాలమున మా దీపములు ఎప్పుడు వెలుగునో, ఎప్పుడు ఆరునో చెప్పలేము. కంప్యూటరు ప్రధాన ఫలకముమీది గాడినుండి కార్డునకు 75 వాట్లవరకు అందును. అంతకు లోబడిన కార్డులకు వేరు తీగలు, పెద్ద విద్యుత్ పెట్టె అక్కరలేదు, చిన్న యు.పి.ఎస్. మీదనే నిలుచును. పల్లెటూరి బడికి ఈ హద్దు దాటని కార్డే శ్రేయస్కరము.

మా అనుభవము

మేము ఈ క్రమమును తెలియక తలక్రిందులుగా నడచితిమి. పెద్దలు, పూర్వ విద్యార్థులు తలకింత వేసి కూర్చిన సొమ్ముతో మొదట కార్డు కొంటిమి. "ఇంతకన్న పెద్దది ఈ చుట్టుపక్కల లేదు మాస్టారూ" అని అమ్మినవాడు చెప్పెను. అతడు అబద్ధమాడలేదు, మేము అడుగవలసినది అడుగలేదు. అది ఆటల కార్డు. మా తెర 60 వేగముది. కన్నద్దములు పెట్టుకొన్న పిల్లలకు చీకటి తప్ప మరేమియు కనబడలేదు. ప్రోగ్రాములోని ఘనదృశ్యపు మీట నొక్కుటకే వీలుకాక మసకగా నుండెను. సొమ్మిచ్చినవారికి ఏమని చెప్పుదునా యని నేను సిగ్గుపడిన దినమది.

తుదకు మాకు దిక్కైనది మొదటి పద్ధతియే. 1971లో నెలకొల్పబడిన ప్రోటీన్ డేటా బ్యాంకు అణువుల కొలతలను ఎల్లరకును ఉచితముగా ఇచ్చుచున్నది. అందు 2హెచ్.బి.ఎస్. అను సంకేతముతో సికిల్ హీమోగ్లోబిన్ జంట కలదు. కైమెరా ఎక్స్ అను ప్రోగ్రాము విద్యావిషయక ఉపయోగమునకు ఉచితము. బడిలోని పాత కంప్యూటరుపై వాలీన్, గుంట, చుట్టుప్రక్కల కొద్ది పరమాణువులు మాత్రము ఉంచి, తక్కినవానిని దాచి, జంట చిత్రములను చేసి కాగితములపై అచ్చు తీసితిమి. చిత్రముల నడిబొడ్డుల మధ్య దూరము 6 సెంటీమీటర్లు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. రెండు చిత్రములు తారుమారైనచో లోతు తిరుగబడును. గుంట బొడిపెగా కనబడును. దీనిని పట్టుకొనుటకు ఆల్ఫా సుడి మంచి గీటురాయి. సుడిని నిలువుగా నిలిపినపుడు కన్నులకు దగ్గరగా నున్న మెలికలు, సామాన్యపు స్క్రూ మరవలె, ఎడమ క్రిందినుండి కుడి పైకి ఎక్కవలెను. ఎడమచేతి మరగా కనబడినచో చిత్రములు తారుమారైనవని గ్రహింపవలెను. ఏ పరికరము కొన్నను మొదటిదినమున చేయవలసిన పరీక్ష ఇదియే.

పిల్లలు నాలుగైదు దినములలో కన్నులు కలుపుట నేర్చిరి. కొందరికి చేతకాలేదు. ఆ బాలిక చాలసేపు కాగితమును చూచి, "ఇది పక్కదాని సందులో ఇరుక్కుంది మాస్టారూ. అందుకే వదలట్లేదు" అన్నది. నేను రెండు సంవత్సరములు వివరింపలేనిది ఆమె తన కన్నులతో చూచినది. అది శాపము కాదు, ఎవరి తప్పును కాదు, ఒక సందులో చిక్కిన చిన్న ముక్క అని ఆమె ఇంటికి పోయి తల్లికి చెప్పినదట.

ఎంపిక క్రమము

ఈ అనుభవమునుండి తేలిన క్రమము సులభమైనది. మొదట చూచువారెవరో, ఎందరో నిర్ణయింపవలెను. ఒక్క పరిశోధకుడైన ఒక దారి, నలువదిమంది పిల్లలైన మరియొక దారి. పిదప ఏ ప్రోగ్రాము వాడుదురో చూచి, అది ఏ ఘనదృశ్య పద్ధతులను అంగీకరించునో తెలిసికొనవలెను. మూడవది తెర, లేక ప్రొజెక్టర్. దాని వేగమెంత, కన్నద్దములు నేటికిని దొరకుచున్నవా యని విచారింపవలెను. నాల్గవది కార్డు. అమ్మువానిని అడుగవలసినది "పెద్దదా, చిన్నదా" యని కాదు. "మా తెరతో, మా ప్రోగ్రాముతో నాలుగు కోశముల పద్ధతి పనిచేయునా, మా కన్నులయెదుట చూపగలవా" యని. చూపలేనివానివద్ద కొనరాదు. తుదకు విద్యుత్తు.

ఈ క్రమమున నడచిన బడికి చాలవరకు ఖరీదైన కార్డే అక్కరలేదని తేలును. సాధారణ కంప్యూటరు, జంట చిత్రములు, సొమ్ము కూడినపుడు ఘనదృశ్యపు ప్రొజెక్టర్ చాలును. అణువుల నడుమ దినమంతయు పనిచేయు పరిశోధకునకు మాత్రము వృత్తి కార్డు, 120 వేగముగల తెర, మూతకన్నద్దములు వెలకు తగిన ఫలమునిచ్చును.

ఉపసంహారము

సికిల్ సెల్ నిర్మూలనకై భారత ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. పరీక్షించుకొనుడని చెప్పువారు మా కొండపల్లెలకును వచ్చుచున్నారు. తలిదండ్రులిద్దరును ఈ గుణమును ఒక్కొక్క పాలు మోయుచున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి కలుగుటకు నాలుగింట ఒకపాలు అవకాశము కలదు. ఈ మాట వినిన జనులు భయపడుదురు, లేదా నమ్మరు. చూచిన జనులు ఆలోచింతురు. మా బడిలో నేటికిని ఆ ఆటల కార్డు బీరువాలో నున్నది. అచ్చు తీసిన జంట చిత్రములు మాత్రము చేతులు మారి మారి అంచులు చిరిగినవి. కొత్త ప్రతులు తీయవలసి యున్నది.